మంచం తీసేశాను

మీటింగ్ మధ్యాహ్నం రెండింటికి. ఒంటిగంటా నలభైకి బావ ఫోన్. పీకల మీదికి పని వచ్చినప్పుడే ఫోన్ చేయడం బావకి పుట్టుకతో వచ్చిన విద్య అని మెరుపు ఎప్పటినుంచో అంటూనే ఉంది. అయినా ఎత్తింది. ఎత్తకపోతే అక్క చేస్తుంది, అక్క మాటలు ఇంకా పొడుగు.

"ఏమే మరదలా, తీరిగ్గా ఉన్నావా?"

"లేను. చెప్పు."

"అయితే తీరిగ్గానే చెప్తాను. మీ అక్కా నేనూ పాప వయొలిన్ పోటీకి వచ్చాం. హాలు గుమ్మంలో ఉన్నాం. లోపలికి పోతే రెండు గంటలు బయటికి రానివ్వరట. కోడిపిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చే ముందు రోజు హేచరీకి తాళం వేసి ఊరు దాటడం, పదకొండేళ్లలో ఇదే మొదలు. నీ మాట మీద వచ్చాను. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నానే, నిజంగా."

"పెట్టె ఉందిగా బావా. నీకంటే అదే నయం, కునుకు తియ్యదు. హాయిగా పాట విను."

"అదే ధైర్యం. అన్నట్టు మీ కంపెనీ వాళ్లకి పనీపాటా లేదా? ఆ పెట్టె నంబర్‌కి నేను సైరన్ పెట్టుకున్నాను, ఫోన్ నోరు నొక్కేసినా అది మాత్రం మోగేలా. మొన్న స్నానం మధ్యలో మోగింది. తువ్వాలు చుట్టుకుని హేచరీ దాకా పరిగెత్తాను. తీరా చూస్తే కొత్త పెట్టె కొంటే తగ్గింపు అట! ఎదురు షాపు టైర్లాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నిన్న భోజనం దగ్గర మళ్లీ. ఒళ్లు మండి, ఆపు అని కొట్టాను. బుద్ధిగా ఆగిపోయాయి."

మెరుపుకి నవ్వాగలేదు. "అయితే ఆపమన్న మొండిఘటాల్లో నువ్వూ ఒకడివన్నమాట. సరే, లోపలికి పో. పాపకి నా ముద్దులు చెప్పు." ఫోన్ పెట్టేసి, జుట్టు సరిచేసుకుని, స్లైడ్లు ఇంకోసారి చూసుకోవడంలో పడిపోయింది.

బావకి ఆ ధైర్యం నూరిపోసింది, ఏమాటకామాట చెప్పుకోవాలి, మెరుపే. ఆమె పనిచేసే కంపెనీ అమ్మేది అరచేతిలో పట్టే ఒక తెల్ల పెట్టె. చల్లగా ఉండాల్సిన గదిలోనో వెచ్చగా ఉండాల్సిన మెషిన్‌లోనో తగిలిస్తే, వేడి అటూ ఇటూ అయిన నిమిషంలో యజమాని ఫోన్‌కి అలారం మెసేజ్ కొడుతుంది. ఐస్‌క్రీం షాపులు, మందుల గోదాములు, పూల వ్యాపారులు, హేచరీలు కలిపి ఆరు వేల మంది కస్టమర్లు. ఈవిడ అక్కడ మార్కెటింగ్ హెడ్. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఏ పనైనా చిటికెలో తేల్చేస్తుందని ఎవరో మెరుపు అన్నారు, అదే అతుక్కుపోయింది. ఆ పేరంటే ఆమెకి లోపల్లోపల మహా గర్వం కూడానూ.

బావకి రెండు పొదిగే మెషిన్లున్నాయి. ఒక్కోదాంట్లో ఆరు వేల గుడ్లు. ఇరవయ్యో రోజుకి గుడ్డులో పిల్ల పూర్తిగా తయారై, తన వేడి తనే పుట్టిస్తుంటుంది. ఫ్యాన్లు ఆ వేడిని బయటికి తోస్తూ ఉండాలి. ఫ్యాన్లు ఆగితే అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఆ తర్వాత పిల్ల గుడ్డులోనే ఉడికిపోతుంది. అందుకే బావ పదకొండేళ్లు ఆ చివరి రోజుల్లో మెషిన్ పక్కనే మడత మంచం వేసుకుని పడుకున్నాడు. అక్క దాన్ని నా సవతి అనేది.

మెరుపు వెంటపడి పెట్టె పెట్టించింది. ఆర్నెల్లు చూశాక బావ మంచం మడిచేశాడు. ఆ మడిచిన మంచాన్ని బయటికి మోసుకెళ్తూ, గుమ్మంలో వెనక్కి తిరిగి చెవులదాకా నవ్వుతుంటే, ఆఫీసులో బొమ్మలేసే అమ్మాయి చేత లోపలి నుంచి ఫొటో తీయించింది మెరుపు. కింద బావ మాటే పెట్టించింది: పదకొండేళ్లు మెషిన్ పక్కనే పడుకున్నాను. ఇప్పుడు మంచం తీసేశాను. ఆ పోస్టర్ పేలింది. కంపెనీ పుట్టాక అంతమందిని ఆగి చూసేలా చేసిన ప్రకటన ఇంకోటి లేదు. మంచం మటుకు ఎదురుగా ఉన్న టైర్లాయన అడిగి పట్టుకుపోయాడు, షాపుకొచ్చేవాళ్లు కూచుంటారని. ఆ షాపు పచ్చ బోర్డు ఫొటోలో బావ వెనక పెద్దగా పడితే, "ఆ దిక్కుమాలిన బోర్డు తీసెయ్యమ్మా, దిష్టిలా ఉంది" అని టైర్లాయన వింటుండగానే అని, బొమ్మలమ్మాయి చేత చెరిపించేసింది.

ఇక ఆ ప్రకటన మెసేజ్‌ల సంగతి. ఈమెయిళ్లు పంపితే నూటికి పదిమంది తెరవడమే గగనం. ఒకరోజు మెరుపుకి తట్టింది: అలారం నంబర్ నుంచి వచ్చే మెసేజ్ చూడని మనిషి ఒక్కడూ లేడే! కొత్త పెట్టె ప్రకటన ఆ నంబర్ నుంచే పంపితే? అనుకున్నదే తడవు ఆఫీసు గ్రూపులో పెట్టేసింది. ఆ గ్రూపుకి ఐదు గంటల రూలు ఒకటుంది. ఏ ఆలోచనైనా పెట్టాక సాయంత్రం ఐదు లోపు ఎవరూ వద్దు అనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. వారం వారం నానే పనులు ఈ రూలుతో ఒక్కరోజులో తెమిలిపోతున్నాయి. రూలు పెట్టిందీ మెరుపే.

ఆ రోజు నాలుగూ ఇరవైకి సర్వర్లు చూసే అద్దాలాయన ఒక్క ముక్క రాశాడు: ఆ నంబర్‌కి ఎవరైనా ఆపు అని పంపితే ఏమవుతుంది?

మెరుపు వెంటనే అడిగింది: ఇది వద్దు అనడమా, ప్రశ్నా?

ప్రశ్నే, అని రాశాడాయన.

అయితే తర్వాత చూద్దాం, అని రాసి నవ్వు బొమ్మ పెట్టింది. ఐదు దాటింది. మర్నాడు మెసేజ్‌లు వెళ్లిపోయాయి. ఆ తర్వాత చూడ్డం అనేది మాత్రం ఎవరూ చూడలేదు.

రెండింటికి మీటింగ్ గదిలో ఐదుగురున్నారు. కంపెనీ యజమాని ఒకరు. వయసు నలభై రెండే అయినా అందరూ పెద్దాయన అంటారు, ఆయనకది బాగానే ఉంటుంది. గోడ మీది తెరకి స్లైడ్లు మారుస్తూ బొమ్మలమ్మాయి. మూల కుర్చీలో అద్దాలాయన. మెరుపు. వాళ్లందరి ఎదురుగా ముప్పై ఆస్పత్రులకి సామాను కొనే అధికారి, ఆస్పత్రులావిడ. నెరిసిన జుట్టు, చేతిలో పెన్సిలు, ముఖంలో ఇసుమంత కూడా మొహమాటం లేదు.

మెరుపు లేచి దంచేసింది. మంచం పోస్టర్ చూపిస్తే ఆస్పత్రులావిడ పెదవి ఒక మూల కొంచెం నవ్వింది. తర్వాత కొత్త క్యాంపెయిన్ లెక్కలు. "అలారం నంబర్ నుంచి పంపాం మేడం. నూటికి నలభైమంది లింకు నొక్కారు. ఆరు వేలలో ఆపమన్నది రెండొందల పద్నాలుగు మందే. నూటికి నలుగురు కూడా లేరు. కస్టమర్లకి మా మీద అంత అభిమానం."

"అభిమానం కాదేమో. ఆ నంబర్ మోగితే గుండెలు అదిరి తెరుస్తారు. సరే, ఒక్క ప్రశ్న," అంది ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టి. "ఆపమన్న ఆ రెండొందల పద్నాలుగు మందికి, ఇప్పుడు నిజం అలారం వెళ్తుందా?"

"భేషుగ్గా వెళ్తుందండీ," అన్నాడు పెద్దాయన క్షణం ఆలస్యం లేకుండా. "ప్రకటన వేరు, అలారం వేరు."

మెరుపు కూడా అదే అనబోయింది. అప్పుడు అద్దాలాయన మీద ఆమె కన్ను పడింది. ఐదేళ్లుగా ఎరిగిన మనిషి. నమ్మకం ఉంటే పైకప్పు చూస్తాడు. లేకపోతే కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. ఇప్పుడు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

బల్ల కింద ఫోన్‌లో కొట్టింది: వెళ్తాయా?

ఆయన చదివాడు. అద్దాలు పెట్టుకున్నాడు. జవాబు కొట్టాడు: వెళ్లవు. ఆపు అంటే ఆ నంబర్ నుంచి అన్నీ ఆగిపోతాయి. ఇవాళ పొద్దున్నే చూశాను. మీటింగ్ అయ్యాక చెబుదామని.

బుద్ధిగా ఆగిపోయాయి. బావ గొంతు చెవిలో మోగింది. తాళం వేసిన హేచరీ, పన్నెండు వేల గుడ్లు, ఇరవయ్యో రోజు, నీ మాట మీద వచ్చాను. పక్కన పెద్దాయన ఒప్పందం కాగితాల వైపు చెయ్యి చాపుతున్నాడు. పది నిమిషాలు నోరు మూసుకుని కూచుంటే మీటింగ్ అయిపోతుంది. ఏమీ జరగలేదేమో. జరగకపోవడానికే ఎక్కువ అవకాశం. ఒక్క క్షణం, సిగ్గులేకుండా, ఆ లెక్క కూడా వేసుకుంది.

"సార్, ఆగండి," అంది. "మేడం, సార్ చెప్పింది తప్పు. ఆ రెండొందల పద్నాలుగు మందికి అలారాలు వెళ్లడం లేదు. తప్పు నాది. అందులో మా బావ ఒకరు."

పెద్దాయన మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తియ్యాలో ఉంచాలో ఆయనకే తెలియలేదు. మెరుపు ఆయన్ని చూసే స్థితిలో లేదు. "అద్దాలుగారూ, ఆగిపోయిన అలారాలు ఏమైనా ఉన్నాయా? ఇక్కడే చూపించండి, తెర మీద."

"మేడం, ఇక్కడా?" అంటూనే ఆయన లాప్‌టాప్ తిప్పి తీగ గుచ్చాడు. మంచం పోస్టర్ పోయి తెర మీద పట్టిక వచ్చింది. నాలుగే నాలుగు వరసలు, నాలుగూ ఎర్రగా. నాలుగూ బావవే. ముప్పై ఏడు డిగ్రీలు ఉండాల్సింది, రెండు గంటలా పదకొండుకి ముప్పై ఎనిమిదిన్నర. పదహారుకి ముప్పై తొమ్మిది. ఇరవై ఒకటికి ముప్పై తొమ్మిదిన్నర. ఇరవై ఆరుకి నలభై. ప్రతి వరస చివరా ఒకే మాట: పంపలేదు. గోడ గడియారం రెండూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

బావకి ఫోన్ కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. పెట్టె నంబర్ తప్ప ఇంకే నంబర్ కూత పెట్టదు కదా ఆ ఫోన్‌లో! అక్క ఫోన్ ఆపేసి ఉంది. పోటీ ఏ హాల్లోనో కూడా అడగలేదు తను. అడిగే తీరిక ఎక్కడేడ్చింది.

"ఆయన్ని మళ్లీ అలారంలో చేర్చలేరా?" అంది ఆస్పత్రులావిడ.

"మన చేతుల్లో లేదండీ," అన్నాడు అద్దాలాయన. "ఆపు అన్నది టెలిఫోన్ కంపెనీ దగ్గర పడిపోతుంది. ఆయనే తన ఫోన్ నుంచి మళ్లీ తెరవాలి."

"పక్కన ఎవరూ ఉండరా?" ఆవిడే మళ్లీ అడిగింది.

ఎదురుగా. ఎదురుగా టైర్లాయన! "బొమ్మలమ్మాయ్, మంచం ఫొటో. అసలుది. బోర్డు చెరపక ముందుది. ఉందా?"

"ఉంది మేడం, నేనేదీ పారెయ్యను." ఆ పిల్ల చకచకా వెతికి తెర మీదికి తెచ్చింది. బావ నవ్వుతున్నాడు. వెనక పచ్చ బోర్డు. పెద్దది చేస్తే టైర్లు, ట్యూబులు, పంక్చర్లు, కింద లావుపాటి అంకెల్లో ఫోన్ నంబర్. చివరి అంకె మాత్రం లేదు. బావ ఎత్తిపట్టిన మంచం కాలు సరిగ్గా దాని మీదికొచ్చి కూచుంది.

"చచ్చాం పో," అన్నాడు పెద్దాయన. ఆయన నోట ఆ మాట ఆఫీసులో ఎవరూ వినలేదు ఇదివరకు.

"ఏం చావక్కర్లేదు," అంది ఆస్పత్రులావిడ బ్యాగులోంచి ఫోన్ తీస్తూ. "చివర సున్నా నుంచి తొమ్మిది దాకా పది నంబర్లే కదా. ఐదుగురం ఉన్నాం. తలా రెండు. నాకు ఎనిమిదీ తొమ్మిదీ."

ఐదు ఫోన్లు ఒకేసారి చెవులకెక్కాయి. మెరుపు సున్నా కొట్టింది, ఎవరో ముసలావిడ "మా అబ్బాయి లేడమ్మా" అంది. ఒకటి కొట్టింది, ఆ నంబరే లేదు. పెద్దాయన ఎవరికో "సారీ అండీ, టైర్లు అమ్మరా మీరు? సారీ" అంటున్నాడు. తెర మీద ఐదో ఎర్ర వరస వచ్చి చేరింది. నలభై దాటింది.

"టైర్ల షాపేనా?" అంది ఆస్పత్రులావిడ. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ ఫోన్‌ని అందరికీ వినపడేలా నొక్కి బల్ల మధ్యలో పెట్టింది.

"అవును, ఎవరు?"

"బాబాయ్, నేను ఎదురు హేచరీ ఆయన మరదల్ని. మంచం ఫొటో రోజు వచ్చాను, గుర్తుందా?"

"ఆఁ, నా బోర్డు బాలేదన్నావు. బాగా గుర్తుంది. మీ బావ లేడు, తాళమేసి పోయాడు."

"తెలుసు. ఆ తాళం పగలగొట్టండి."

"ఏంటీ?"

"లోపల ఫ్యాన్లు ఆగిపోయాయి బాబాయ్. పిల్లలు ఉడికిపోతున్నాయి. పన్నెండు వేల ప్రాణాలు. పగలగొట్టండి, మీ కాళ్లకి దండం పెడతాను."

"అమ్మా, నిన్ననే కదా నా షాపు దుమ్ము వాళ్ల గుమ్మంలో పడుతోందని నన్ను చెడామడా తిట్టాడు! ఇవాళ నేను తాళం పగలగొడితే దొంగ అనడూ?"

"అంటే నన్ననమనండి! బాబాయ్, ఆయన పదకొండేళ్లు ఆ మెషిన్ పక్కన పడుకున్న మంచం మీదే మీరిప్పుడు కూచుని ఉంటారు. లేవండి!"

అవతల మంచం కిర్రుమంది. "టైర్లు ఊడదీసే కడ్డీ తేరా ఎవడన్నా!" అని కేక. పరుగు. ఇనుము మీద ఇనుము పడుతున్న మోత, ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి ఏదో గలగల్లాడుతూ కింద పడింది.

"అబ్బో! పొయ్యిలా ఉంది లోపల!"

"మెషిన్ల తలుపులు రెండూ బార్లా తెరవండి. ముందు అది. కిటికీలు కూడా."

అద్దాలాయన ఫోన్ మీదికి వంగాడు. "గోడకి ఒక డబ్బా ఉంటుంది చూడండి. అందులో ఒక మీట కిందికి పడిపోయి ఉంటుంది. దాన్ని పైకి లేపండి."

"ఆఁ, ఉంది. లేపుతున్నా." ఘుర్రుమని ఫ్యాన్లు అందుకున్న శబ్దం. కరెంటు పోలేదు, లోపలి మీట ఒక్కటే పడింది. అందుకే దానంతటదే అందుకోవాల్సిన జనరేటర్‌కి కూడా ఏమీ తెలియలేదు.

"బాబాయ్, ఫోన్ మెషిన్ దగ్గర పెట్టండి. చప్పుడు వినాలి."

మొదటి మెషిన్ లోంచి కిచకిచలు వచ్చాయి. సన్నగా, తర్వాత గుంపుగా, గది నిండిపోయేలా. బొమ్మలమ్మాయి బావురుమంది. "ఇప్పుడు రెండోది," అంది మెరుపు. రెండోదాని దగ్గర ఫ్యాన్ల హోరే వినిపించింది. చాలాసేపటికి ఎక్కడో ఒక మూల ఒకటీ అరా. టైర్లాయన గొంతు దిగిపోయింది. "ఇందులో తక్కువేనమ్మా. ఇది గోడ పక్కది, గాలి లేదు."

ఆస్పత్రులావిడ తన ఫోన్ తీసుకుని, పెన్సిలు బ్యాగులో వేసుకుని లేచింది. పెద్దాయన ఒప్పందం కాగితాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మీ పెట్టె మంచిదే," అందావిడ. "వేడి పెరిగిన నిమిషంలో చెప్పింది. మీరే దాని నోరు నొక్కారు. మా ఆస్పత్రుల్లో టీకాలుంటాయి. మిమ్మల్ని ప్రశ్న అడిగితే ఆగే అలవాటు వచ్చాక పిలవండి, వస్తాను." మెరుపు దగ్గర ఆగింది. "నువ్వు లేచి చెప్పకపోతే మళ్లీ వచ్చేదాన్ని కాదు."

ఆవిడ వెళ్లాక మెరుపు ఆఫీసంతా కూడగట్టింది. రెండొందల పదమూడు పేర్లు పంచింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తప్పు మాది, అలారం ఆగిపోయింది, మళ్లీ ఇలా తెరవండి అని చెప్పించింది. తిట్టినవాళ్లు తిట్టారు. సాయంత్రానికి పద్దెనిమిది మంది మిగిలారు, వాళ్ల దగ్గరికి మనుషులు బయల్దేరారు.

నాలుగింటికి బావ ఫోన్.

"మరదలా! టైర్లాయన అంతా చెప్పాడు! నీ ఆఫీసుకి తెలిసిపోయిందటగా! నీ పెట్టె లేకపోతే ఈపాటికి నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని కూచునేవాణ్ణే. సగం పైన బతికాయి, అదే పదివేలు. నువ్వు మా ఇంటి దేవతవే!" వెనక అక్క ఏడుస్తూ ఏదో అంటోంది. పాపకి రెండో బహుమతట.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. "రేపు పొద్దున్నే వస్తాను బావా," అని పెట్టేసింది.

పక్కనే పెద్దాయన విన్నాడు. మధ్యాహ్నం నుంచి వాడిపోయిన మొహం ఒక్కసారి వెలిగింది. "విన్నావా ఏమన్నాడో? నీ పెట్టె లేకపోతే! మెరుపూ, ఇది మంచం పోస్టర్‌ని మించిపోతుంది. ఆస్పత్రులావిడ కూడా తిరిగొస్తుంది. రేపు బొమ్మలమ్మాయినీ కెమెరానీ తీసుకెళ్లు. ఆయన నోటితో ఆ ఒక్క మాట పట్టుకురా. ఆయన అబద్ధమేం చెప్పడం లేదు కదా."

నిజమే. బావ అబద్ధం చెప్పడం లేదు. చెప్పాల్సింది చెప్పనిది తను.

పొద్దున్నే వెళ్లారు. గుమ్మానికి పగిలిన తాళం అలాగే వేలాడుతోంది. లోపల బావ మోకాళ్ల మీద కూచుని, ట్రేల్లోంచి పసుపుపచ్చ పిల్లల్ని రెండు రెండుగా తీసి బుట్టల్లో వేస్తున్నాడు. "రావే దేవతా! ఆరు వేల మూడొందలు ఇప్పటికి. అమ్మాయ్, ఫొటో తీస్తావా? ఆగు, చొక్కా మార్చుకొస్తా."

"వద్దు బావా. ముందు నా మాట విను." మెరుపు కూడా కింద కూచుంది. "నువ్వు ఆపు అని కొట్టావు చూడు, దాంతో అలారాలూ ఆగిపోయాయి. పెట్టె నీకు ఐదుసార్లు చెప్పబోయింది. మేం పంపనివ్వలేదు. ఆ నంబర్ నుంచి ప్రకటనలు పంపించింది నేను. ఆపమంటే ఏమవుతుందని ఒకాయన ముందే అడిగాడు. తర్వాత చూద్దాం అన్నాను. పెట్టె బతికించలేదు బావా. రెండో మెషిన్ నా వల్ల పోయింది."

బావ చేతిలో పిల్ల కిచకిచమంటోంది. దాన్ని బుట్టలో వేశాడు. ఇంకోటి తీశాడు, అదీ వేశాడు. మెరుపు ఆయన తిడతాడని చూసింది, తిడితే బాగుండునని చూసింది.

"ఆపమన్నది నేనే కదా," అన్నాడు చివరికి.

"నీచేత ఆపమనిపించింది నేను."

బావ లేచి రెండో మెషిన్ దగ్గరికి వెళ్లాడు. ఒక గుడ్డు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. పెంకుకి ఒక పక్క మిరియపు గింజంత చిల్లు. లోపలి నుంచి పొడుచుకుంటూ పొడుచుకుంటూ అక్కడే ఆగిపోయింది. "చూడు," అన్నాడంతే. తర్వాత గుమ్మం దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

మెరుపు ఆ గుడ్డు పట్టుకుని ఎంతసేపు కూచుందో తెలీదు. బయట మాటలు వినిపించి లేచింది. రోడ్డు అవతల నుంచి బావా టైర్లాయనా మంచం చెరో పక్కా పట్టుకుని మోసుకొస్తున్నారు. "మెల్లగా పట్టవయ్యా, దుమ్ము పడుతుంది" అంటున్నాడు బావ. "పడితే పడనీ, నీ తాళం పగలగొట్టినవాణ్ణి నేను" అంటున్నాడు టైర్లాయన.

గుమ్మం దగ్గర బావ ఆగి మెరుపు వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కోపం మాత్రం కనిపించలేదు. కోపం ఉంటే ఆమెకి ఇంత కష్టంగా ఉండేది కాదు. "పెట్టె ఉండనీ. మంచమూ ఉంటుంది," అన్నాడు. "కెమెరా తెచ్చారుగా, తియ్యమను. పాత ఫొటో అబద్ధమైపోయింది."

బొమ్మలమ్మాయి కెమెరా ఎత్తి, మళ్లీ దించింది. "మేడం, వెనక టైర్ల బోర్డు మొత్తం పడుతోంది. పక్కకి జరగమననా?"

"వద్దు," అంది మెరుపు. "బోర్డు ఉండాలి. తియ్యి."